ఏప్రిల్‌లో 15 పాయింట్లతో ఓడినవాళ్లు జులైలో అదే 15తో ఎలా గెలిచారు?

"అన్నా, నేను ఐర్లండ్‌లోని కార్క్‌కి వచ్చి ఏడాది కూడా కాలేదు. 2025 జులై 20న ఆఫీసు ఫ్రెండ్ ఇంట్లో హర్లింగ్ (కర్రతో బంతి కొట్టే ఇక్కడి ఆట) ఫైనల్ చూశాను. హాఫ్‌టైమ్‌కి కార్క్ 6 పాయింట్లు ముందుంది. టీ తాగి వచ్చి కూర్చున్నాక ఆట మొత్తం తిరగబడింది, పక్క కౌంటీ (మన జిల్లా లాంటిది) టిప్పరేరీ 15 పాయింట్లతో గెలిచింది. ఏప్రిల్‌లో ఇదే కార్క్ వాళ్లని 15తో ఓడించిందట! ఇది లక్కా, లేక కార్క్ వాళ్లు టెన్షన్‌కి చేతులెత్తేశారా? సోమవారం ఆఫీసులో ఒక్కరూ నోరు విప్పలేదు, ఆటకి అంత ఏడుపేంటి? మా నాన్నేమో వీడియో కాల్‌లో చూసి ఇది మన బిళ్ళంగోడేరా అన్నారు. ఇంకో సంగతి, మా 8 ఏళ్లవాడు ఆ కర్ర కొనమని ప్రాణం తీస్తున్నాడు. కొనొచ్చా?"

తమ్ముడూ, ఆ రోజు టీ తాగడానికి లేచి మోసపోయింది నువ్వొక్కడివే కాదు. నేను ఈ ఊళ్లో 14 ఏళ్లుగా ఉంటున్నాను. మా పేట క్లబ్బులో శనివారం పొద్దున పిల్లలకి హర్లింగ్ నేర్పేవాళ్లకి చేతిసాయంగా ఉంటాను. బంతులు ఏరడం, హెల్మెట్ పట్టీలు బిగించడం, ఏడ్చేవాళ్లని బుజ్జగించడం నా డ్యూటీ. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా, హాఫ్‌టైమ్‌లో వరంగల్ ఫ్యామిలీ గ్రూపులో "ఈసారి కప్పు మనదే" అని మెసేజ్ పెట్టేశాను. మా బావమరిది దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాడు. పండగొచ్చినప్పుడల్లా శుభాకాంక్షలతో పాటు అదీ పంపుతున్నాడు.

మేం క్లబ్బు హాల్లో పెద్ద తెర మీద చూశాం. హాఫ్‌టైమ్‌కి కాస్త ముందే షేన్ బారెట్ గోల్ కొట్టాడు. హాలు లేచిపోయింది. పిల్లలు కర్రలు పట్టుకుని బయటికి పరిగెత్తి గోడకి బంతి కొట్టుకోవడం మొదలుపెట్టారు. ముందు వరసలో ఎనభై దాటిన పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. ఒళ్లో సాండ్‌విచ్ ఉంది, దాని మీది రేకు కూడా విప్పలేదు. ఏంటి తినట్లేదు అని అడిగితే, తెర మీదున్న స్కోరు చూపించి, "టిప్పరేరీ ఇంకా ఒక్క గోలూ కొట్టలేదు" అన్నాడు. ఆయన ధైర్యం చెప్పుకుంటున్నాడేమో అనుకున్నాను. గోల్ కొట్టకుండానే వాళ్లు 6 పాయింట్ల దూరంలో ఉన్నారు, ఇక కొట్టడం మొదలుపెడితే మన గతేంటి అని ఆయన భయం. అది నాకు అర్థమయ్యేసరికి మనం 10 పాయింట్లు వెనకపడ్డాం.

కాబట్టి ముందు స్కోరు చదవడం నేర్చుకో. గోల్‌పోస్టు ఇంగ్లిష్ హెచ్ ఆకారంలో ఉంటుంది. అడ్డకర్ర పైనుంచి, రెండు నిలువు కర్రల మధ్యనుంచి బంతి వెళ్తే 1 పాయింటు. అడ్డకర్ర కింద వలలో పడితే గోల్, అంటే 3 పాయింట్లు. పోస్టుల దగ్గర ల్యాబ్ టెక్నీషియన్లలా తెల్లకోట్లు వేసుకుని నిలబడే అంపైర్లు గోల్‌కి పచ్చజెండా, పాయింటుకి తెల్లజెండా ఊపుతారు. స్కోరులో ముందు గోల్స్, తర్వాత పాయింట్లు రాస్తారు. ఫైనల్ స్కోరు టిప్పరేరీ 3-27, కార్క్ 1-18. అంటే 36, 21. ఇక్కడివాళ్లు మొత్తం కూడి చెప్పరు, రేడియోలో కూడా "త్రీ ట్వెంటీసెవెన్" అనే అంటారు. లెక్క నీ మనసులో నువ్వే వేసుకోవాలి. 2024 ఫైనల్లో ఎక్స్‌ట్రా టైమ్ తర్వాత క్లేర్ 3-29, కార్క్ 1-34. పాయింట్లు చూస్తే కార్క్‌వే ఎక్కువ. కూడితే క్లేర్ 38, కార్క్ 37. ఒక్క పాయింటుతో కప్పు పోయింది. అప్పుడే ఇండియా నుంచి దిగిన మా కొలీగ్ ఒకడు మర్నాడు పొద్దున 34 పెద్దది కదా అనుకుని ఆఫీసంతా తిరిగి కంగ్రాట్స్ చెప్పాడు. పాపం, వాళ్లు కూడా నవ్వలేక, తిట్టలేక ఊరుకున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. లక్కా కాదా అనేది ఒక్క ఫైనల్ చూసి చెప్పలేం. ఏప్రిల్ నుంచి జులై దాకా మొత్తం సీజన్ చూడాలి. 2025 సీజన్ అయితే మరీను.

మునుపటి ఏడాది, అంటే 2024లో టిప్పరేరీ పరిస్థితి ఘోరం. మనముండే రాష్ట్రం మన్‌స్టర్, ఆ గ్రూపులో 5 జట్లుంటాయి: కార్క్, క్లేర్, లిమరిక్, టిప్పరేరీ, వాటర్‌ఫర్డ్. అందులో ఆఖరి స్థానం వాళ్లది. సొంతగడ్డ థర్లెస్‌లోనే కార్క్ చేతిలో 18 పాయింట్లతో ఓడారు. ఆ రోజు స్టాండ్లన్నీ కార్క్ ఎర్ర జెండాలే. థర్లెస్ అంటే మామూలు ఊరు కాదు. 1884లో ఈ ఆటల్ని నడిపే జీఏఏ సంఘం పుట్టింది అక్కడి హోటల్లోనే. సొంతూరి స్టేడియంలో, వాళ్లకంటే ఎదుటివాళ్ల జనమే ఎక్కువగా ఉండి, అందులో పరువు పోవడం ఎలా ఉంటుందో ఊహించుకో. మేనేజర్ లియమ్ కాహిల్‌ని తీసేయాలని అప్పుడు గట్టిగానే వినపడింది.

2025 ఏప్రిల్ 6న లీగ్ ఫైనల్ జరిగింది. లీగ్ అంటే చాంపియన్‌షిప్‌కి ముందు వచ్చేది, విలువ కొంచెం తక్కువ. అందులో కార్క్ 10 పాయింట్లతో టిప్పరేరీని కొట్టింది. తర్వాత చాంపియన్‌షిప్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లో టిప్పరేరీ లిమరిక్‌తో 2-23, 2-23 దగ్గర డ్రా చేసుకుంది. ఏప్రిల్ 27న కార్క్‌లో, మన పార్క్ ఈ క్వీవ్ స్టేడియంలో, నువ్వు విన్న ఆ 15 పాయింట్ల మ్యాచ్ జరిగింది. కార్క్ 4-27, టిప్పరేరీ 0-24.

నీకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు రిఫరీ బంతి విసిరి ఆట మొదలుపెట్టకముందే టిప్పరేరీకి రెడ్ కార్డు పడింది. డారా మెకార్తీ అనే 19 ఏళ్ల కుర్రాడు ఎదుటి ఆటగాణ్ని కర్రతో కొట్టాడు. 15 మంది ఆడాల్సిన ఆట 70 నిమిషాలూ 14 మందితో ఆడారు. దాన్ని 15 పాయింట్ల తేడా అని రికార్డులో రాశారు తప్ప, రెండు జట్ల మధ్య నిజంగా అంత తేడా లేదు. ఈ కుర్రాడి పేరు గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాడు.

ఆ తర్వాత టిప్పరేరీ ఎన్నిస్ వెళ్లి డిఫెండింగ్ చాంపియన్ క్లేర్‌ని ఓడించింది, వాటర్‌ఫర్డ్‌ని ఓడించింది, గ్రూపులో మూడో స్థానంతో బతికి బయటపడింది. క్లేర్ మొదటి మూడింట్లో లేక ఇంటికి పోయింది, పోయినేడు కప్పెత్తిన జట్టు! మన్‌స్టర్ అంటే అంతే, ఇక్కడ నెగ్గుకు రావడమే సగం కప్పు. అవతల లెన్‌స్టర్ రాష్ట్రం గ్రూపులో 6 జట్లుంటాయి. అక్కడ కిల్కెన్నీ వరసగా ఆరోసారి గెలిచింది, కానీ మన్‌స్టర్‌లో ఉన్నంత తొక్కిసలాట అక్కడ ఉండదు. ఈ మాట కిల్కెన్నీ వాళ్ల ముందు అనకు, 36 కప్పులు లెక్కపెట్టి చూపిస్తారు. గాల్వే లెన్‌స్టర్‌లో లేకపోయినా ఆ గ్రూపులోనే ఆడుతుంది. ఎందుకని అడక్కు, వాళ్ల రాష్ట్రంలో పోటీకి సరైన జట్టు లేక 2009లో ఇటు చేర్చారు.

ఇక ఈ సీజన్ మొత్తం మీద నాకు కళ్లు తెరిపించింది టిప్పరేరీ ఆటలేవీ కాదు. మే 18న లిమరిక్ కార్క్‌ని ఉతికి ఆరేసింది, 3-26, 1-16. లెక్క వేస్తే 16 పాయింట్ల తేడా. మూడు వారాలు తిరక్కుండానే జూన్ 7న అవే రెండు జట్లు, అదే లిమరిక్ గ్రౌండులో మన్‌స్టర్ ఫైనల్ ఆడాయి. ఎక్స్‌ట్రా టైమ్ అయ్యాక కూడా సమానం, కార్క్ 1-30, లిమరిక్ 2-27. మన్‌స్టర్ ఫైనల్ చరిత్రలో మొదటిసారి పెనాల్టీల మీద తేలింది. కార్క్ 3-2తో గెలిచింది. వరసగా ఏడో మన్‌స్టర్ టైటిల్ కోసం వచ్చిన లిమరిక్ ఒట్టి చేతులతో పోయింది. అదే లిమరిక్ రెండు వారాల్లో క్వార్టర్ ఫైనల్లో డబ్లిన్ చేతిలో ఓడింది. అందులోనూ డబ్లిన్ మొదట్లోనే ఒక ఆటగాణ్ని రెడ్ కార్డుకి పోగొట్టుకుని 14 మందితో ఆడింది. ఆ డబ్లిన్‌ని సెమీస్‌లో కార్క్ 7-26, 2-21తో చితక్కొట్టింది. ఏడు గోల్స్!

ఈ స్కోర్లన్నీ వరసగా పేర్చి చూస్తే నీ 15 అంత వింతగా అనిపించదు. హర్లింగ్‌లో తేడా అంకె ఆ రోజు ఎలా గడిచిందో చెబుతుంది, జట్టు సత్తా చెప్పదు. కారణం ఆటలోనే ఉంది. ఈ ఆటలో బంతి గట్టిగా కొడితే మైదానంలో సగానికి పైగా ఒక్క దెబ్బతో పోతుంది. టైమౌట్ లేదు. వెనకపడ్డ జట్టు ఒక దశ దాటాక సులువైన పాయింట్లు వదిలేసి గోల్స్ కోసం ప్రయత్నిస్తుంది. అవి తగలకపోతే, ఆ బంతే అటువైపు పాయింటై కూర్చుంటుంది. 7 పాయింట్లతో ఓడాల్సింది 15 అవుతుంది. ఫుట్‌బాల్ చూసే కళ్లతో చూస్తే ఇది అర్థం కాదు. కబడ్డీలో ముగ్గురే మిగిలినప్పుడు ఏమవుతుందో తెలుసు కదా, ఆలౌట్ అయ్యేదాకా ఆగదు. ఆ లెక్క ఇది.

ఫైనల్ రోజు జరిగింది చూద్దాం. కార్క్ బలం గోల్స్. కాహిల్ బ్రయన్ ఒమారాని అదనపు డిఫెండర్‌గా గోల్ ముందు నిలబెట్టాడు. వీళ్లు స్వీపర్ అంటారు. అలా చేస్తే పైన ఒక మనిషి తగ్గుతాడు, కార్క్ డిఫెన్స్‌లో ఒకడికి ఖాళీ దొరుకుతుంది. అందుకే ఫస్టాఫ్‌లో కార్క్ దూరం నుంచి పాయింట్లు వరసగా కొట్టింది, 1-16, 0-13. నా లెక్కలో కాహిల్ ఆ బేరానికి సిద్ధపడే వచ్చాడు. పాయింట్లు తీసుకోండి, గోల్స్ మాత్రం ఇవ్వను అని. నువ్వూ నేనూ ఆ 6 చూసి మురిసిపోయాం, పెద్దాయన మాత్రం గోల్స్ గడి చూశాడు.

సెకండాఫ్‌లో టిప్పరేరీకి జాన్ మెగ్రా మొదటి గోల్ కొట్టాడు. ఇక్కడ పకౌట్ అనే మాట తెలుసుకోవాలి. స్కోరు పడ్డాక, లేదా బంతి బయటికి పోయాక, గోల్‌కీపర్ బంతిని పైకి వేసుకుని మళ్లీ ఆటలోకి కొడతాడు, అదే పకౌట్. దాన్ని నీ మనిషి అందుకుంటే నువ్వు దాడి చేస్తావు. ఎదుటివాడు అందుకుంటే, ఇప్పుడే స్కోరు ఇచ్చుకున్నవాడివి మళ్లీ వాడి దాడినే కాసుకోవాలి. సెకండాఫ్‌లో కార్క్ కీపర్ కొట్టిన బంతులు చాలావరకు నీలం, పసుపు జెర్సీల చేతుల్లో పడ్డాయి. అటువైపు ఎలాగో దాటినవి ఒమారా ఏరుకున్నాడు. ఆటలో ఊపిరి తీసుకునే సందే లేకుండా పోయింది.

తర్వాత కార్క్ డిఫెండర్ ఓవెన్ డౌనీకి రెండో ఎల్లో కార్డు పడి బయటికి పోయాడు, దాంతో పాటే పెనాల్టీ. కొట్టడానికి వచ్చిందెవరో తెలుసా, డారా మెకార్తీ. ఏప్రిల్‌లో బంతి పడకముందే బయటికి పోయిన కుర్రాడు. రెండు వారాల ముందు కిల్కెన్నీతో సెమీఫైనల్లో కూడా రెండు ఎల్లోలతో బయటికి పోయాడు. అలాంటివాణ్ని ఫైనల్లో దించడమే సాహసం, పెనాల్టీ కొట్టమనడం ఇంకా సాహసం. కొట్టాడు. ఆ రోజు మొత్తం 1-13 వాడి పేరు మీదే. మెగ్రా రెండో గోల్ కూడా వేశాక హాల్లో చప్పుడు పోయింది. ఇక కార్క్‌కి ఒక పెనాల్టీ దొరికింది, కానర్ లెహాన్ కొట్టాడు, రీస్ షెల్లీ ఆపేశాడు. ఆ షెల్లీ గోల్‌కీపర్ అయ్యుండి అదే సెకండాఫ్‌లో తన వైపు నుంచి కొట్టి ఒక పాయింటు కూడా వేశాడు! నేను తల పట్టుకున్నాను, మా పక్కనావిడ మాత్రం చప్పట్లు కొట్టింది. కార్క్‌లో పుట్టి పెరిగిన మనిషే. మంచి దెబ్బకి చప్పట్లు కొట్టకపోతే ఆట చూడ్డమెందుకు అంది.

సెకండాఫ్ లెక్క: టిప్పరేరీ 3-14, కార్క్ 0-2. 35 నిమిషాలకు పైగా ఆటలో రెండే పాయింట్లు.

టెన్షనా అన్నావు. కొంత ఉంది, లేదనను. కార్క్ ఆఖరిసారి కప్పు గెలిచింది 2005లో. 30 కప్పులున్న కౌంటీకి ఇది చాలా పెద్ద కరువు. ఆ తర్వాత 2006, 2013, 2021, 2024, 2025 ఫైనల్స్ ఐదూ పోయాయి. కానీ అంతా దాని మీద నెట్టేస్తే టిప్పరేరీ చేసిన పని చిన్నబోతుంది. ఏప్రిల్ 27 నుంచి జులై 20కి సరిగ్గా 12 వారాలు. ఆ 12 వారాల్లో వాళ్లు ఓటమిని విప్పి చూసుకుని, మందు కనిపెట్టి, గాల్వేని 8 పాయింట్లతో కొట్టి, కిల్కెన్నీని 4-20, 0-30తో దాటుకుని వచ్చారు. ఆ కిల్కెన్నీ సెమీస్‌లో ఒక తమాషా జరిగింది. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియం స్కోరుబోర్డు టిప్పరేరీకి ఒక పాయింటు ఎక్కువ చూపించింది. రెండు పాయింట్లే వెనకున్న కిల్కెన్నీ మూడు అనుకుని ఆఖర్లో గోల్ కోసం ప్రయత్నించింది. తర్వాత అసలు స్కోరు సరిదిద్దారు, ఫలితం మాత్రం మారలేదు. మన దగ్గరైతే ఆ ఒక్క పాయింటు మీద ఇప్పటికీ కేసు నడుస్తుండేది.

సీజన్ నిర్మాణం కూడా టిప్పరేరీకి కలిసొచ్చింది. 1996 దాకా రాష్ట్రస్థాయిలో ఒక్క మ్యాచ్ ఓడితే ఆ ఏడాదికి అంతే సంగతులు. 1997 నుంచి ఓడినవాళ్లలో కొందరికి వెనక తలుపు తెరిచారు. 2018లో గ్రూపు పద్ధతి వచ్చింది. పాత పద్ధతిలో అయితే ఏప్రిల్ 27నే టిప్పరేరీ సంచి సర్దుకునేది. కార్క్, టిప్పరేరీ ఇద్దరూ మన్‌స్టరే కాబట్టి వందేళ్లకు పైగా ఆల్ ఐర్లండ్ ఫైనల్లో, అంటే నువ్వు చూసిన ఆ దేశస్థాయి ఫైనల్లో, ఎదురుపడే దారే లేదు. 2025లో మొదటిసారి ఎదురుపడ్డారు. ఆ మొదటిసారే ఇలా అయింది, అదీ కార్క్ వాళ్ల మంట.

సోమవారం ఆఫీసులో ఎవరూ ఎందుకు మాట్లాడలేదో ఇక్కడే ఉంది. ఈ ఆటగాళ్లకి జీతం లేదు. వేలం లేదు, ట్రేడ్ లేదు. పుట్టిన ఊరి క్లబ్బుకి ఆడతారు, ఆ క్లబ్బు ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీకి ఆడతారు. ఆదివారం 82 వేల మంది ముందు ఆడినవాడు మామూలు రోజుల్లో టీచరో, ఇంజినీరో, కాలేజీ కుర్రాడో, పాడి చూసుకునే రైతో. నీ టీమ్‌లో మౌనంగా కూర్చున్నవాళ్లలో ఒకడు ఆ పదిహేనుమందిలో ఎవరికో బాబాయి కొడుకో, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడో అయ్యుంటాడు. మనం మన ఐపీఎల్ టీమ్ ఓడితే తిట్టుకుంటాం, వీళ్లు తిట్టరు, తిట్టాల్సింది తమవాణ్నే కాబట్టి. పాట్ హోర్గన్ సంగతే చూడు. ఆట మానేసేనాటికి చాంపియన్‌షిప్ చరిత్రలో అందరికంటే ఎక్కువ స్కోరు చేసినవాడు, ఓడిన ఆ ఫైనల్స్‌లో ఆఖరి నాలుగింటిలోనూ కార్క్‌కి ఆడాడు. ఒక్క పతకం లేకుండా 37 ఏళ్లకి 2025లోనే కౌంటీ ఆట మానేశాడు. ఆ పేరు తీస్తే మా క్లబ్బులో ఇప్పటికీ మాట మారుస్తారు. కాబట్టి సోమవారం నువ్వు ఏమీ అనకుండా ఊరుకున్నావంటే మంచి పనే చేశావు. మూడు రోజులాగి "హార్డ్ లక్" అను చాలు, వాళ్లే గంటసేపు మాట్లాడతారు.

మీ నాన్నగారికి చెప్పు, బిళ్ళంగోడుతో పోలిక మరీ తప్పేం కాదు. మా వైపు చిర్రగోనె అంటాం. నేలమీదున్న దాన్ని కర్రతో పైకి లేపి గాల్లో కొట్టడం రెండింటిలోనూ ఉంది. హర్లింగ్‌లో నేలమీది బంతిని నేరుగా చేత్తో తియ్యకూడదు, కర్రతో లేపి పట్టుకోవాలి. పట్టుకున్నాక నాలుగడుగులకి మించి చేతిలో ఉంచుకోకూడదు. అందుకే పరిగెత్తేవాళ్లు బంతిని కర్ర చివర నిలబెట్టుకుని పోతుంటారు. మన దగ్గర చిర్ర ఎదుటివాడి నుదుటికి తగిలితే ఆట అయిపోయి కొట్లాట మొదలయ్యేది, ఇక్కడ ఆట సాగుతుంది.

ఇక కర్ర. దాన్ని హర్లీ అనాలి. వేరే వైపు కొందరు హర్ల్ అంటారు, కార్క్‌లో ఉండి అలా అంటే నిన్ను అనుమానంగా చూస్తారు. బంతి స్లిటర్. లోపల బెండు, పైన తోలు, దాని మీద కుట్టు అంచులు గట్టుల్లా లేచి ఉంటాయి. మంచి హర్లీ యాష్ చెట్టు మొదలు నుంచి తీస్తారు. వేరు దగ్గర మాను వంపు తిరుగుతుంది కదా, చెక్క గీతలు కూడా అదే వంపుతో పోతాయి. వెడల్పుగా ఉండే కింది భాగంలో ఆ గీతలు వంపుతో పాటు తిరిగి ఉంటే కర్ర త్వరగా విరగదు. కొనేముందు వెలుతురులో పెట్టి ఆ గీతలు చూసుకో. ఇప్పుడు యాష్ చెట్లకి తెగులు పట్టి చెక్క దొరకడం కష్టమైంది, వెదురుతో చేసినవి కూడా వస్తున్నాయి. పిల్లలకి అవీ బాగానే పనిచేస్తాయి, కాకపోతే పాతకాలంవాళ్లు ఆ చప్పుడు బాలేదంటారు. నిజమే, యాష్ మీద బంతి తగిలితే వచ్చే చప్పుడు వేరు.

సైజు విషయంలో మనవాళ్లు ఒక తప్పు చేస్తారు. ఎదుగుతాడులే అని చొక్కా కొన్నట్టు పొడుగుది కొంటారు. అలా కొనకు. పిల్లాడు నిటారుగా నిలబడి చెయ్యి పక్కకి వదిలితే, నేలమీద నిలబెట్టిన కర్ర పైకొస మణికట్టు దగ్గరికి రావాలి. పొడుగైతే వాడు చెయ్యి కిందికి జార్చి పట్టుకుంటాడు, ఆ అలవాటు పోదు. ఇంకోటి, మీవాడు క్రికెట్ ఆడుతుంటే కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్‌లా ఎడమచెయ్యి పైన పెడతాడు. హర్లింగ్‌లో వాటమున్న చెయ్యే పైన ఉండాలి. మా క్లబ్బులో మన పిల్లలందరికీ మొదటి నెలంతా ఇదే గొడవ, నా కొడుకుతో సహా. కోచ్ "చేతులు" అని అరవగానే ఒకేసారి నలుగురు ఇండియన్ పిల్లలు చేతులు మార్చుకునేవాళ్లు. రెండో నెలకి అలవాటైపోతుంది, అప్పుడు క్రికెట్ బ్యాట్ తిరగేసి పట్టుకోవడం మొదలుపెడతారు.

హెల్మెట్, ముందు ఇనుప జాలీ ఉన్నది, తప్పనిసరి. దెబ్బలకి మరీ భయపడకు, ఆ వయసు పిల్లలకి మెత్తటి బంతి ఇస్తారు. స్కోర్లు లెక్కపెట్టరు, అందరికీ ఆడే అవకాశం ఇస్తారు. ఇంట్లో పాప కూడా ఉంటే ఆడపిల్లల ఆటని కమోగీ అంటారు, దాదాపు ఇవే నియమాలు. కర్ర మాత్రం ఇప్పుడే కొనకు. ఏ క్లబ్బులోనైనా ఎదిగిన పిల్లలు వదిలేసిన చిన్న హర్లీలు ఒక ప్లాస్టిక్ డబ్బాలో గుట్టగా పడుంటాయి. నెలరోజులు వాటితో ఆడనివ్వు. ఇష్టం నిలిస్తే అప్పుడు కొందువు.

నీకు చెప్పేది ఒకటే. వచ్చే సీజన్ ఫైనల్‌తో మొదలుపెట్టకు, దానికి టికెట్ దొరకడం కూడా దేవుడి దయ. ఏప్రిల్, మే నెలల్లో మన్‌స్టర్ గ్రూపు మ్యాచ్ ఒకటి చూడు. టీవీలో రానివి కొన్ని జీఏఏ ప్లస్ అనే ఆన్‌లైన్ చానెల్లో వస్తాయి, కానీ కుదిరితే పార్క్ ఈ క్వీవ్‌కి వెళ్లి గోల్ వెనక టెర్రస్‌లో నిలబడు. అక్కడ సీట్లుండవు, పైకప్పు ఉండదు, రెయిన్ జాకెట్ మరవకు. గొడుగు తేవద్దు, వెనకవాళ్లు తిడతారు. బంతి అంత వేగంగా పోతుంటే మొదటి పావుగంట నీకేమీ కనపడదు, జెండాలు చూసుకుంటూ ఉండు. మ్యాచ్ రోజు నాకు మెసేజ్ పెట్టు, నేనూ ఆ వైపే ఉంటాను. హాఫ్‌టైమ్‌లో టీ మాత్రం నన్ను అడక్కు.